ఖాళీ కిలోమీటర్లు

మా అక్క గురించి రాయాలంటే ముందు మా బావ ముక్కు గురించి రాయాలి. ఇందులో నా తప్పేమీ లేదు. మా ఊళ్ళో పద్దెనిమిదేళ్ళపాటు జనం చెప్పుకున్నది ఆ ముక్కు గురించే. మా అక్క గురించి ఎవరూ ఏమీ చెప్పుకోలేదు, తమ ప్యాంటు నడుము బిగుతైన రోజున తప్ప.

మా బావ టాక్సీ డ్రైవరు. నేనూ టాక్సీ డ్రైవర్నే. కానీ మా ఇద్దరినీ ఒకే మాటతో పిలిస్తే ఆయన మొహం మాడ్చుకునేవాడు. బస్టాండు వెనక ఒక రేకుల షెడ్డు, అందులో తొమ్మిది కార్లు, తొమ్మిదింటికీ ఒక్కతే ఓనరమ్మ. బావది రెండో నంబరు కారు, నాది ఆరో నంబరు. పొద్దున అందరం షెడ్డు ముందు టీ తాగుతూ ఉంటామా, ఈయన గ్లాసు సగంలో కింద పెట్టేసేవాడు. ముక్కు పక్కన చూపుడువేలితో రెండుసార్లు తట్టుకుని, "వాసనొస్తోంది" అనేవాడు. కారెక్కి వెళ్ళిపోయేవాడు. పావుగంట తిరక్కుండానే నిండు కారుతో మా ముందునుంచి పోతూ హారను కొట్టేవాడు. ఆ హారను అవసరమా? అవసరం లేదు. అయినా కొట్టేవాడు.

నన్ను స్టాండులో అందరూ 'ఖాళీ' అని పిలిచేవాళ్ళు. అదే నా పేరనుకుని ఒకసారి బ్యాంకువాళ్ళు కూడా అలాగే పిలిచారు. నా సిద్ధాంతం ఏమిటంటే, తిరుగుతూ ఉంటే ఎక్కడో ఒకచోట ఎవరో ఒకరు తగలకపోరు. తగిలేవాళ్ళు కాదు. నేను ఒక వీధి దాటి మలుపు తిరిగానంటే, సరిగ్గా అప్పుడే ఆ వీధిలో ఒక తలుపు తెరుచుకుని రెండు పెట్టెలతో ఒక కుటుంబం బయటికొచ్చేది. అద్దంలో కనిపించేవాళ్ళు. వెనక్కి తిప్పేసరికి బావ కారెక్కుతూ ఉండేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది. ప్రతి ఆదివారం అక్కావాళ్ళింటికి భోజనానికి వెళ్ళి, "బేరాలు ఎలా ఉన్నాయిరా?" అని ఆమె అడిగితే, "బ్రహ్మాండంగా ఉన్నాయక్కా" అని చెప్పి, పళ్ళు నూరుకుంటూ అన్నం తినేవాణ్ణి.

అక్క పని కుట్టుపని. అందరిలా కొత్త బట్టలు కుట్టదు. యూనిఫారాలు బాగుచేస్తుంది. వీధివైపు గదిలో కిటికీ పక్కన మిషను, గోడకు మేకులు, మేకులకు హ్యాంగర్లు, హ్యాంగర్లకు ఊళ్ళో ఉద్యోగాలన్నీ వేలాడుతూ ఉంటాయి. ఆసుపత్రి నర్సుల నీలం కోట్లు, పెద్ద హోటలు ద్వారపాలకుడి ఇత్తడి బొత్తాల ఎర్రకోటు, సినిమాహాల్లో టార్చిలైటు పట్టుకుని సీట్లు చూపించేవాడి బూడిదరంగు చొక్కా, రైల్వేస్టేషను సామాన్లు మోసేవాళ్ళవి, చివరికి మా డ్రైవర్ల తెల్లచొక్కాలు కూడా. నోట్లో నాలుగు గుండుసూదులు పెట్టుకుని, వాటి మధ్యనుంచే మాట్లాడగలిగిన మనిషి ఈ ప్రపంచంలో మా అక్క ఒక్కతే అనుకుంటాను.

ఆమెకో నియమం ఉంది. చెయ్యి పొడుగు తగ్గించినా, బొత్తాం మార్చినా డబ్బు తీసుకుంటుంది. నడుము వదులు చేస్తే మాత్రం పైసా తీసుకోదు. ఎందుకంటే, "లావయ్యానని ఒప్పుకోవడానికే మనిషికి ప్రాణం మీదికొస్తుంది. దానిమీద మళ్ళీ కూలి కూడానా?" అంటుంది. అందుకని ఊళ్ళో లావయినవాళ్ళందరూ ఆమె దగ్గరికే వచ్చేవాళ్ళు. ఆమె వాళ్ళ నడుముకు టేపు చుట్టి, ఊపిరి వదలమని చెప్పి, వాళ్ళు వదిలేలోపల నాలుగు ప్రశ్నలు అడిగేది. మీ వార్డులో ఇవాళ ఎంతమందిని ఇంటికి పంపిస్తున్నారు? మీ హోటల్లో ఆ మీటింగువాళ్ళు ఎప్పుడు ఖాళీ చేస్తారు? కొత్త సినిమా ఎన్ని గంటలు? నేనేమో, ఆడవాళ్ళకి ఊరి కబుర్లు కావాలి పాపం అనుకుంటూ బెంచీమీద కాళ్ళు చాపుకుని పేపరు చదివేవాణ్ణి. అంత తెలివైనవాణ్ణి నేను.

ఒకరోజు పొద్దున ఓనరమ్మ షెడ్డు గోడకు ఒక తెల్లబోర్డు తగిలించింది. ఆమె చెడ్డమనిషి కాదు. కాకపోతే డీజిలు కాలితే తన ఒళ్ళు కాలినట్టు బాధపడే రకం. బోర్డుమీద ఒకటి నుంచి తొమ్మిది వరకు కారు నంబర్లు, ఎదురుగా గళ్ళు.

"ప్రతి శనివారం ఎవరెవరు ఎన్ని కిలోమీటర్లు ఖాళీగా తిరిగారో ఇందులో రాస్తాను," అంది. "మూడు నెలలు చూస్తాను. మొత్తంమీద ఎక్కువ ఖాళీ తిరిగిన కారు అమ్మేస్తాను. ఆ డ్రైవరు వేరే పని చూసుకోవాల్సిందే. తొమ్మిది కార్లు మేపడం నావల్ల కాదు."

ఎనిమిది తలకాయలూ ఒకేసారి నావైపు తిరిగాయి. కొంచెం మొహమాటమైనా పడలేదు ఎవరూ.

మమ్మల్ని ఊరికే భయపెట్టి వదల్లేదు ఆవిడ. ప్రతి కారులో స్టీరింగు పక్కన ఒక ఫోను బిగించింది. అందులో ఊరి మ్యాపు. జనం ఎక్కడెక్కడ టాక్సీ కావాలని అడుగుతున్నారో అక్కడ మ్యాపుమీద ఎర్రమచ్చ పడుతుంది. ఎక్కువమంది అడిగితే మచ్చ చిక్కబడుతుంది. "ఇంక వెతుక్కోవడం ఉండదు. మచ్చ ఎక్కడుంటే అక్కడికి పొండి," అంది. నాకు కళ్ళు చెమర్చాయి. నాలాంటి ముక్కులేనివాళ్ళకోసమే ఎవడో పుణ్యాత్ముడు కూర్చుని తయారుచేశాడనిపించింది. మా బావ మాత్రం ఆ ఫోనుమీద పసుపుపచ్చ తుడుపుగుడ్డ కప్పేశాడు. కంట్లో వెలుగు పడుతోందట.

మొదటిరోజు మధ్యాహ్నం సినిమాహాలు దగ్గర పెద్ద ఎర్రమచ్చ పడింది. నేను అడ్డదారిన దూసుకుపోయాను. వెళ్ళేసరికి నా ముందు ఐదు కార్లున్నాయి. నా వెనక ఇంకో రెండు వచ్చాయి. బావ తప్ప అందరం అక్కడే. తీరా చూస్తే బయటికొచ్చి టాక్సీ ఎక్కినవాళ్ళు నలుగురు. వాళ్ళలో ఇద్దరు మొగుడూపెళ్ళాలు. మిగతావాళ్ళం ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని, నువ్వెందుకొచ్చావంటే నువ్వెందుకొచ్చావని కాసేపు పోట్లాడుకున్నాం. ఈలోగా స్టేషను దగ్గర మచ్చ పడింది. పోట్లాట సగంలో ఆపి అందరం స్టేషనుకు పరిగెత్తాం. మేం వెళ్ళేసరికి ఆ మచ్చ చెరిగిపోయింది. అక్కడివాళ్ళు విసుగొచ్చి బస్సెక్కేశారు.

రెండోరోజు నేను బుర్ర ఉపయోగించాను. అందరూ మచ్చవైపు పోతారు కాబట్టి, నేను మచ్చ లేనివైపు పోతే పోటీ ఉండదు కదా. ఆసుపత్రి దగ్గర మచ్చ కందగడ్డలా ఎర్రబడుతుంటే, నేను ఈల వేసుకుంటూ ఊరి అవతలి కొసకు పోయాను. అక్కడ చెట్టుకింద ఐదో నంబరు కారు ఉంది. దాని వెనక మూడోది. పక్కసందులో ఏడోది. అందరూ బుర్రలు ఉపయోగించారు. ఆసుపత్రి ముందు జనం అరగంట ఎండలో నిలబడి మా ఓనరమ్మకు ఫోనుచేసి తిట్టారు. ఆ శనివారం బోర్డుమీద అందరి అంకెలూ పెరిగాయి. నాది ఆరువందల పది. బావది నూట తొంభై. ఆయన బోర్డు ముందు నిలబడి ముక్కు తట్టుకున్నాడు.

రెండు నెలలు ఇలాగే గడిచాయి. నా అంకె కొంచెం దిగింది గానీ, నా స్థానం మాత్రం కదల్లేదు. నెల మిగిలి ఉంది. తిండి సహించడం మానేసింది. ముప్పైయేడేళ్ళ వయసులో, డ్రైవింగు తప్ప ఇంకోపని రానివాణ్ణి, ఆ డ్రైవింగు కూడా అంతంత మాత్రమైనవాణ్ణి, ఎక్కడికి పోతాను? సిగ్గు చంపుకుని బావ దగ్గరికి వెళ్ళి ముక్కు విద్య నేర్పమన్నాను. ఆయన నన్ను కార్లో కూర్చోబెట్టుకుని గంటసేపు పాఠం చెప్పాడు.

"గాలి పీల్చు. ఏం తెలుస్తోంది?"

"డీజిలు, బావా."

"ఇంకా లోపలికి పీల్చు."

"ఎక్కువ డీజిలు."

"నీకు రాదురా," అన్నాడు బావ జాలిగా. "ఇది పుట్టుకతో రావాలి."

ఆ బాధలో నడుం కూడా పట్టేసింది. ఒక మంగళవారం బండి షెడ్డులో పెట్టేసి, అక్కావాళ్ళింట్లో ఆ బెంచీమీద, మిషనువైపు మొహం పెట్టి, బోర్లా పడుకున్నాను. నేను నిద్రపోతున్నానని అక్క అనుకుంది. అదే ఆమె చేసిన పొరపాటు.

మిషను పక్కన ఆమె ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. అక్క తీసి చూసింది, పెదాలు కదిలించింది, ఎవరికో కొట్టి రెండు రింగులు కాగానే కట్ చేసేసింది. మళ్ళీ కుట్టుకోసాగింది. పది నిమిషాలకు మళ్ళీ ఒక మోత, ఆగిపోయింది. ఈసారి ఆమె మూడు రింగులిచ్చి కట్ చేసింది. నేను తల తిప్పకుండా, జేబులోంచి నా ఫోను తీసి బావకు కొట్టాను.

"ఎక్కడున్నావు బావా?"

"సినిమాహాలుకి పోతున్నాను. గట్టిగా వాసనొచ్చింది."

నేను బెంచీమీద లేచి కూర్చున్నాను. నడుం నొప్పి ఎటు పోయిందో తెలియదు. అక్క నావైపు చూసింది. ఆమె మొహం ఎర్రబడింది. నోట్లో గుండుసూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసుకుంది. అంటే ఇప్పుడు చెప్పబోయేది పెద్దమాటన్నమాట.

"మూడు రింగులంటే సినిమాహాలా?" అన్నాను.

"ఊఁ. రెండంటే హోటలు. ఒకటంటే ఆసుపత్రి. నాలుగంటే స్టేషను. మీ బావ ఫోను మోగదు, జేబులో వణుకుతుంది," అంది నెమ్మదిగా. "టార్చిలైటాయన సినిమా అయిపోవడానికి పావుగంట ముందు నాకు మిస్డ్ కాలిస్తాడు. హోటలాయన గదులు ఖాళీ అవుతుంటే ఇస్తాడు. నర్సమ్మ రోగుల్ని ఇంటికి పంపే చీటీలు రాయగానే ఇస్తుంది. నడుములు ఊరికే వదులు చేస్తున్నాను కదా, వాళ్ళకీ మొహమాటం ఉంటుంది."

"అంటే ముక్కు?"

"ముక్కు లేదు, ఏం లేదు. జలుబు మనిషి ఆయన."

పద్దెనిమిదేళ్ళు. నేను ఆరేళ్ళుగా ఆ స్టాండులో ఉన్నాను. ఆ ముక్కుకు మేం ఎంత మర్యాద ఇచ్చాం! చలికాలంలో బావ తుమ్మితే స్టాండు స్టాండంతా కంగారుపడేది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మరి ఎవరికీ చెప్పలేదేం? నాక్కూడా?"

"అందరికీ చెబితే ఏమవుతుందో మీ ఎర్రమచ్చ చూపించిందిగా. నలుగురు మనుషుల కోసం ఎనిమిది కార్లు. ఆ మచ్చ అబద్ధం చెప్పదురా. కాకపోతే ఒకే నిజాన్ని అందరికీ ఒకేసారి చెబుతుంది. నేను ఒక్కరికే చెప్పాను, కాబట్టి పనికొచ్చింది."

నేను నేలమీద కూర్చుని ఆమె కాళ్ళదగ్గర చేరాను. ఈ ఒక్కనెల నాకు కూడా రింగులియ్యమని బతిమాలాను. సిగ్గెందుకు, ఏడ్చాను కూడా. అక్క చాలాసేపు మిషను చక్రం చేత్తో ఊరికే తిప్పుతూ కూర్చుని, సరేనంది.

అప్పటినుంచి ఆమెకు రెండు కార్లు. హోటలుకు బావను పంపితే ఆసుపత్రికి నన్ను పంపేది. నా ఖాళీ కిలోమీటర్లు ఒక్కసారి దిగిపోయాయి. బావవి పెరిగాయి, ఎందుకంటే ఎక్కే జనం అంతేమంది, పంచుకునేవాళ్ళం ఇద్దరం. బావ ఇంట్లో అలిగి కూర్చున్నాడు. "పుట్టింటివాళ్ళ మీదే నీకు ప్రేమ," అన్నాడట. "మీ ముక్కు పుట్టిల్లు కూడా నేనేగా," అందట మా అక్క. అయినా ఏం లాభం? రెండు నెలలు నేను పోగేసుకున్న ఖాళీ కిలోమీటర్లు కొండంత ఉన్నాయి. పది రోజులు మిగిలాయనగా కూడా మొత్తంలో నేనే ఆఖరు. లెక్క వేసి చూశాను. ఈ పదిరోజులూ ఒక్క గజం కూడా ఖాళీగా నడపకపోయినా నా కారు అమ్ముడుపోతుంది.

ఆ సంగతి అక్కకు చెప్పాను. మర్నాడు మా డ్రైవర్ల తెల్లచొక్కాలు మూట కట్టుకుని, బస్సెక్కి, నేరుగా షెడ్డుకు వచ్చింది. మేమందరం అక్కడే ఉన్నాం. చొక్కాలు బల్లమీద పెట్టి ఓనరమ్మతో అంది:

"అమ్మా, పదిరోజులు మీ ఆఫీసులో నాకొక కుర్చీ ఇవ్వండి. తొమ్మిది కార్లనీ నేను పంపిస్తాను. ఖాళీ తిరుగుడు సగానికి తగ్గిస్తాను. తగ్గితే మా తమ్ముడి కారు అమ్మొద్దు."

ఓనరమ్మ కళ్ళద్దాలు ముక్కుమీదికి జార్చి చూసింది. "నీకేం తెలుసమ్మా టాక్సీల గురించి? పోనీ మీ ఆయన్ని కూర్చోమను. ఆయనకి ముక్కుంది."

స్టాండంతా బావవైపు చూసింది. ఆయనకు చెమటలు పట్టాయి. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. చెయ్యి దానంతటదే పైకి లేచి ముక్కుదాకా వచ్చి, దాన్ని తట్టకుండా మూసేసింది.

"ముక్కు ఆవిడదేనండీ," అన్నాడు అరచేతి వెనకనుంచి. "నేను వట్టి డ్రైవర్ని."

ఆ నిమిషం బావమీద నాకు ఎప్పుడూ లేనంత గౌరవం కలిగింది. ఎక్కువసేపు నిలవలేదు గానీ, కలిగింది.

అలా అక్క కుర్చీలో కూర్చుంది. ఎడమవైపు ఎర్రమచ్చల మ్యాపు, కుడివైపు తన ఫోను, ఒళ్ళో ఎవరిదో కోటు. చేతులు ఖాళీగా ఉంటే ఆమెకు మాట రాదు. మొదటి రోజు ఆమె చేసిన మొదటి పని మమ్మల్నందరినీ ఒక్కొక్కర్నీ పిలిచి, "ఎక్కడున్నావు, ఖాళీయా నిండా?" అని అడగడం. జనం ఎక్కడున్నారో చెప్పడానికి అంత ఖరీదైన ఫోన్లు పెట్టారు గానీ, కార్లు ఎక్కడున్నాయని అప్పటిదాకా ఎవరూ అడగలేదు. మచ్చ పడితే ఆమె నర్సమ్మకో, టార్చిలైటాయనకో ఫోనుచేసి తలలు లెక్కపెట్టమనేది. తర్వాత మాకు చెప్పేది. "సినిమాహాలుకి ఒకటి, మూడు వెళ్ళండి. ఎనిమిది, నువ్వు కదలకు. నిన్నే, కదలకన్నానా. స్టేషన్లో రైలు పన్నెండు నిమిషాలు లేటు, నాలుగు, నువ్వు టీ తాగి బయల్దేరు." గొణిగినవాళ్ళకు, మీ చొక్కాల కాలర్లు బిగించి కుట్టేస్తానని చెప్పింది. ఎవరూ మళ్ళీ గొణగలేదు.

నాకు ఆ పదిరోజులూ స్వర్గం. పొద్దున రెండు మంచి బేరాలు పంపించేది, సాయంత్రం రెండు. మధ్యాహ్నం మాత్రం, "ఆరు, నువ్వు షెడ్డులోనే ఉండు," అనేది. నేను సీటు వెనక్కి వాల్చి హాయిగా పడుకునేవాణ్ణి. మిగతా ఎనిమిదిమంది ఎండలో తిరుగుతుంటే నేను గురకపెట్టేవాణ్ణి. రక్తసంబంధమంటే ఇదీ అనుకున్నాను. నా నడుం గురించి ఆమెకు ఎంత బెంగో అనుకున్నాను. ఆ మాట తోటి డ్రైవర్లతో కూడా అన్నాను.

పదోరోజు సాయంత్రం ఓనరమ్మ బోర్డు ముందు నిలబడి అంకెలు రాసింది. సగం అన్నది అక్క, సగంకన్నా తక్కువకే దిగింది. ఎక్కిన జనం మాత్రం ముందుకన్నా ఎక్కువ. తిట్టే ఫోన్లు ఒక్కటీ రాలేదు. డ్రైవర్లందరూ చప్పట్లు కొట్టారు. నేనైతే ఏడో నంబరువాణ్ణి వాటేసుకున్నాను.

"నువ్వు అన్నమాట నిలబెట్టుకున్నావు. నేనూ నిలబెట్టుకుంటాను," అంది ఓనరమ్మ. "ఆ కుర్చీ నీదే ఇకనుంచి. కారు అమ్మను. అయినా ఒక్కమాట అడుగుతాను, ఉన్నదున్నట్టు చెప్పు. నువ్వు పంపిస్తుంటే ఈ ఊరికి నిజంగా తొమ్మిది కార్లు కావాలా?"

అక్క ఒళ్ళో ఉన్న కోటును మడతపెట్టింది. విప్పి మళ్ళీ మడతపెట్టింది. ఒక్క 'ఊఁ' అంటే సరిపోయేది. మేం తొమ్మిదిమందిమీ ఆ 'ఊఁ' కోసమే చూస్తున్నాం.

"అక్కర్లేదమ్మా," అంది. "ఎనిమిది చాలు."

"ఏది ఎక్కువ?"

"ఆరు."

మధ్యాహ్నం నిద్రలన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి నాకు. పదిరోజులూ అవసరం లేక పక్కన పెట్టిన కారు నాది. ఆమె నాకోసం కుర్చీ ఎక్కి, కూర్చుని, పని ఎంత బాగా చేసిందంటే, నేను అక్కర్లేకుండా చేసింది. ఓనరమ్మ కూడా కాసేపు నావైపు చూడలేకపోయింది. తాళంచెవి నేనే తీసి బల్లమీద పెట్టాను.

నేరుగా అక్కావాళ్ళింటికి వెళ్ళి కూర్చున్నాను, పోట్లాడటానికి. గంట తర్వాత ఆమె, బావ వచ్చారు. బావ నా కళ్ళల్లోకి చూడకుండా లోపలి గదిలోకి జారుకున్నాడు. అక్క చెప్పులు విప్పి, మిషను ముందు కూర్చుంది.

"నీకు నేనేం ద్రోహం చేశానక్కా?" అన్నాను.

"రేపు పొద్దున ఏడింటికి స్కూలుకి వెళ్ళు. పిల్లల వ్యాను నడిపే పెద్దాయన ఈ నెలతో మానేస్తున్నాడు. మొన్న చొక్కా చిరుగు కుట్టించుకోవడానికొచ్చి చెప్పాడు. నేను హెడ్మాస్టరమ్మతో మాట్లాడాను. రోజూ ఒకటే దారి. ఒకటే టైము. ఎక్కేవాళ్ళు గేటు దగ్గర నిలబడి ఉంటారు. నువ్వు ఎవర్నీ వెతకక్కర్లేదు."

"అంటే నేను దానికే పనికొస్తాననా?"

"అవును."

"ఆవిడ అడిగినప్పుడు తొమ్మిదీ కావాలని ఒక్కమాట అనలేకపోయావా? ఒక్క మాట!"

"అనొచ్చురా. అంటే నువ్వు ఇంకో ఆరేళ్ళు ఆ కార్లో కూర్చుని, ఎవరూ ఎక్కకపోయినా బ్రహ్మాండంగా ఉందని చెప్పేవాడివి. నేను విని ఊరుకునేదాన్ని." ఆమె మిషనుమీద దుమ్ము లేకపోయినా తుడిచింది. "ప్రతి ఆదివారం నువ్వు ఆ మాట అంటూ ఉంటే నాకు ముద్ద దిగేది కాదు. ఊళ్ళో జనం ఎక్కడున్నారో నాకు తెలుసు కదా. అక్కడ నువ్వు లేవనీ తెలుసు. ఒక్క రింగు నీకిస్తే నీకు దొరికేది. ఎన్నోసార్లు నీ నంబరు తీశాను. తీసి, మళ్ళీ మీ బావకే ఇచ్చాను. నా ఇల్లు గడవాలని. ఆరేళ్ళు నీ నోటికాడి కూడు లాక్కుని మా ఇంట్లో వండుకున్నాను. నీకు వడ్డించింది కూడా అదే."

చెప్పడం అయ్యాక ఆమె ఏడ్చింది. మా అమ్మ పోయినప్పుడు కూడా నా ముందు ఏడవని మనిషి. పోట్లాడటానికి నేను తెచ్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. సిగ్గు వేసింది. ఆరేళ్ళుగా నేనాడిన అబద్ధం ఆమెకు మొదటి ఆదివారంనుంచే తెలుసు. అది తెలిసి కూడా నా కంచంలో రెండోసారి అన్నం వేసేది. నాకు మా అక్కమీద కోపం లేదు. ఆ క్షణంలో ఆమెమీద ఎంత ప్రేమ పొంగుకొచ్చిందో చెప్పడం నాకు చేతకాదు, చెబితే ఆమె నవ్వుతుంది కూడా.

వెళ్ళి ఆమె పక్కన నేలమీద కూర్చున్నాను. ఏదో ఒకటి అనాలి కదా.

"పోనీ ఏడు కార్లు చాలవా అక్కా? బావని కూడా పంపించేద్దాం."

అక్క కొంగుతో కళ్ళు తుడుచుకుని, కప్పువైపు చూసింది. ఆమె పెదాలు కదులుతున్నాయి. ఆసుపత్రి, హోటలు, సినిమాహాలు, స్టేషను, ఒక్కొక్కటే వేళ్ళమీద లెక్కపెడుతోంది.

"వానాకాలంలో చాలవురా," అంది.

లోపలి గదిలో మా బావ గట్టిగా దగ్గాడు. మర్నాడు పొద్దున ఏడింటికి నేను స్కూలు గేటు దగ్గరున్నాను. సాయంత్రం బడి వదిలేసరికి అదే గేటు దగ్గర పిల్లలు ఇరవైరెండుమంది, వరసగా నిలబడి ఉన్నారు.